ఎండపందెంలో ఒంటి తుమ్ము

నమోదు 1. మొదటి రోజు. నడిచిన దూరం: 25 కి.మీ., ఒక గంట ఆలస్యంగా.

పోటీదారు ప్రతిరోజూ స్వహస్తంతో ఒక నమోదు రాయాలనీ, అందులో వాతావరణాన్ని నిందించరాదనీ పందెం నియమావళి ఆదేశిస్తున్నది. కనుక వాతావరణం బాగున్నది. సున్నాకు దిగువ నలభై రెండు డిగ్రీలు.

నేను జోగారావును. ఎదురుగాలిపేటలో ఎండ నిరీక్షణ శాఖకు సహాయ సంచాలకుణ్ణి. మా లోకపు సూర్యుడు అగ్గిపుల్ల తలంత ఉంటాడు. పగటికీ సంజకూ మా దగ్గర ఉన్న తేడా పరిపాలనాపరమైనది మాత్రమే. అందుచేత పూర్వం పెద్దలు ఆకాశంలో ఒక అద్దాన్ని నిలిపారు. అది ఒక్క ఊరి మీద మాత్రమే ఎండ పోయగలదు. ఊళ్లు తొమ్మిది. రెండో అద్దానికి సంబంధించిన దస్త్రం నలభై ఏళ్లుగా పరిశీలనలో ఉన్నది. ఈలోగా ఏటా ఎండపందెం జరుగుతున్నది. రెండువందల పన్నెండు కిలోమీటర్లు మంచు మీద కాలినడకన, సామాను బండిని నడుముకు కట్టుకుని లాగుతూ, తొమ్మిది రోజులు నడవాలి. ముందుగా ఎవరు గీత తొక్కితే ఆ ఏడాది అద్దం వారి ఊరివైపు తిరుగుతుంది.

పదకొండేళ్లుగా అది లోయపల్లె వైపే తిరిగి ఉన్నది. మా ఊళ్లో పదకొండేళ్ల కిందట పెట్టిన గుమ్మడి వడియాలు ఇంకా ఆరుతున్నాయి. ఎండలేక పిల్లల కాళ్లు వంకరపోతున్నాయని మా వైద్యురాలు ఏటా నివేదిక ఇస్తున్నది. దానిని మా శాఖ ఏటా నిరీక్షణలో ఉంచుతున్నది. ఈసారి సర్పంచి నూకరత్నం ఆ నివేదికను స్వయంగా మా కార్యాలయానికి తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"పదకొండేళ్లు జీతం తీసుకుని ఎండకి ఎదురు చూసినావు గదా బాబూ! ఇంక చూసింది చాలు. ఎల్లి అట్టుకొచ్చీ."

నా నియామకం ఆ విధంగా జరిగినది.

ఉదయం ఆరింటికి తొమ్మిదిమందిమి గీత దగ్గర నిలబడ్డాము. ప్రారంభాధికారి వామనమూర్తి శంఖం ఊదారు. లోయపల్లె పోటీదారు తిరుపాలమ్మ, వయస్సు అరవై రెండు, అందరికంటే ముందు మూడడుగులు వేసి, నాలుగో అడుగులో ఒక్కసారి తుమ్మింది.

మిగిలిన ఎనిమిదిమందిమి కూర్చున్నాము.

నమోదు 2. రెండో రోజు. 25 కి.మీ., ఒక గంట ఆలస్యంగా.

నిన్నటి ఘటనకు ఆధారమైన పద్నాలుగో నిబంధనను ఇక్కడ ఎత్తి రాస్తున్నాను. బయలుదేరబోయేవారి చెవిన ఒంటి తుమ్ము పడినయెడల వారు కూర్చుని, గుక్కెడు మంచినీళ్లు తాగి, గంటసేపు ఆగవలెను. ఆ గంటలోపల మరొక తుమ్ము వచ్చి లెక్క సరిసంఖ్య అయినచో దోషము తొలగినట్లే, వెంటనే కదలవచ్చును. అప్పటికే నడుస్తున్నవారికి ఈ దోషము అంటదు. నడక మధ్యలో ఆగినవారు తిరిగి బయలుదేరబోయేవారి కిందనే లెక్క.

ఈ ఆచారం మా వెంట పాత లోకం నుంచి వచ్చినది. అక్కడ తుమ్మినవాడి పక్కనున్నవాడు మాత్రమే ఆగేవాడట. ఇక్కడ మా వెచ్చకోట్లన్నీ భద్రత కోసం ఒకే శ్రవణమార్గంలో కలిసి ఉన్నాయి. పూర్వం ఒకాయన ఎవరికీ చెప్పకుండా మంచులో తప్పిపోయాడు కాబట్టి ఆ మార్గాన్ని ఆపే మీట తొలగించబడినది. పర్యవసానంగా, ఒక్కరు తుమ్మితే పోటీదారులందరికీ, తొమ్మిది ఊళ్ల శ్రోతలకూ సమానంగా వినబడుతుంది. సమానత్వం విషయంలో మా సమాజం సాధించిన ప్రగతి ఇంతవరకు ఇదొక్కటే.

ఈ ఉదయం కూడా తిరుపాలమ్మ మూడడుగులు వేసి తుమ్మింది.

"ఏం చేసేది నాయనా, పుట్టుజలుబు," అన్నది శ్రవణమార్గంలో, దూరమవుతూ. "కూకోండి, కూకోండి. నీళ్లు తాగండి."

నమోదు 3. మూడో రోజు. పైవిధంగానే.

రాత్రి బస చేయడానికి దారిలో ఎనిమిది విడిదిళ్లు మాత్రమే ఉన్నాయి. వెనుకబడినవారూ ముందున్నవారూ సాయంత్రానికి ఒకే కప్పు కిందకు చేరవలసిందే. కాబట్టి మొదటి ఎనిమిది రోజుల నడక కేవలం అలసట నిమిత్తం. చివరి రోజు దూరం, లోయపల్లెలోని గీత వరకు, పన్నెండు కిలోమీటర్లే. ఆ ఉదయం ఒక గంట ముందు బయలుదేరినవారిని ఎవరూ అందుకోలేరు. పందెమంతా ఆ గంటలోనే ఉన్నది.

నా పక్క పడక గవర్రాజుది. పాలకొండ్ర ఊరు. వయస్సు ఇరవై మూడు. నాకంటే వేగంగా నడుస్తాడు. అతని ఎంపికకు మాత్రం అది కారణం కాదట.

"ఆయ్, నావి జోడు తుమ్ములండి," అన్నాడు గర్వంగా. "మా తాతగారి నించీ అంతేనండి. ఒకటొచ్చిందంటే వెనకాలే రెండోది వచ్చేత్తది. మా ఊరోళ్లు నాకు సన్మానం కూడా చేశారండి."

"ఆవిడ ఒకటి తుమ్మినప్పుడు మీరు రెండు తుమ్మితే మొత్తం ఎంత?"

అతడు వేళ్లు మడిచి లెక్క వేసి, మళ్లీ మొదటినుంచి మడిచాడు.

"ఆ సంగతి సన్మానసభలో ఎవరూ అడగలేదండి."

నమోదు 4. నాలుగో రోజు.

నేను విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్రం చదివినవాణ్ణి. కూర్చున్న గంటలో పాత పందేల నమోదు ప్రతులు తిరగేశాను. గత పదకొండేళ్లలో తిరుపాలమ్మ తుమ్మిన ఉదయాలు తొంభై తొమ్మిది. తుమ్మని ఉదయాలు లేవు. తొంభై తొమ్మిదిసార్లూ మూడడుగులు వేశాకే వచ్చినది. బయలుదేరకముందు ఒక్కటి కూడా లేదు. జలుబుకు ఇంతటి సమయపాలన ఉండదు. మా శాఖలో మనుషులకే లేదు.

గంట పూర్తయ్యాక ఆమె అడుగుజాడల వెంట వెళ్లి చూశాను. నాలుగో అడుగు పక్కన మంచు మీద నల్లని నలుసులు కనిపించాయి. ఒకటి తీసి వాసన చూశాను. ముక్కుపొడి.

ఇది మోసమా అని వామనమూర్తిని అడిగాను. ఆయన నియమావళి ఆసాంతం చదివి జవాబిచ్చారు: "తుమ్ము రావాలని మాత్రమే ఉన్నది. ఎందుకు రావాలో లేదు. తుమ్ము యొక్క అంతరంగంలోకి పందెం కమిటీ ప్రవేశించదు."

నమోదు 5. ఐదో రోజు.

దరఖాస్తు దాఖలు చేశాను. రెండో తుమ్ముతో దోషం తొలగుతుందని నిబంధన చెబుతున్నది. అది మొదటి తుమ్ము వచ్చిన ముక్కు నుంచే రావాలని ఎక్కడా చెప్పలేదు. కావున కూర్చున్నవారిలో ఎవరు తుమ్మినా లెక్కలోకి తీసుకోవలసిందిగా ప్రార్థన.

సాయంత్రానికి ఉత్తర్వు జారీ అయినది: "ముక్కుకూ ముక్కుకూ మధ్య వివక్ష పాటించరాదు. దరఖాస్తు ఆమోదించడమైనది."

విడిదింట్లో ఎనిమిదిమందిమి ఒకరినొకరం కౌగిలించుకున్నాము. తిరుపాలమ్మ మూల కూర్చుని రాగిసంకటి తింటూ, "సదువుకున్నోడివి నాయనా," అన్నది. ప్రశంసో కాదో ఈ నమోదు నిర్ధారించలేదు.

నమోదు 6. ఆరో రోజు. మధ్యాహ్నం వరకు: సున్నా కి.మీ.

ఉదయం ఆరు గంటల రెండు నిమిషాలకు ఆమె తుమ్మింది. లెక్క: ఒకటి. మేము కూర్చున్నాము, నీళ్లు తాగాము, సిద్ధం చేసుకున్న మిరియాల పొడి ముక్కుల దగ్గర పెట్టుకున్నాము. గవర్రాజుకు ముందుగా వచ్చింది. లెక్క: మూడు. అందరం అతణ్ణి బయటకు పంపించాము. రాళ్లవాగు పోటీదారుకు ఒకటి వచ్చింది. నాలుగు. కేకలు వేస్తూ లేచాము. దూరం నుంచి ఆమె మళ్లీ తుమ్మింది. ఐదు. కూర్చున్నాము. నీళ్లు.

"ఎవురన్నా ఇంకొక్కటి ఎయ్యండర్రా!" అని రాళ్లవాగు ఆయన ప్రాధేయపడ్డాడు. నేను ప్రయత్నించాను. నాకు రాలేదు. ఎదురుగాలిపేటవాళ్లకు తుమ్ములు తక్కువ. చలికి ముక్కు లోపలిభాగం పుట్టినప్పటినుంచే మొద్దుబారి ఉంటుంది.

పదకొండున్నరకు లెక్క ఇరవై ఏడు అని వామనమూర్తి ప్రకటించారు. మాకు ఇరవై ఎనిమిది వచ్చింది. దగ్గును పొరపాటున కలిపామని ఆయన వాదించారు. పునర్లెక్కింపు కోరాము. శ్రవణమార్గపు ధ్వనిముద్రణను మళ్లీ వినిపించగా అందులోని తుమ్ములను కొత్తవిగా లెక్కించాలా వద్దా అనే ప్రశ్న తలెత్తింది.

ప్రతి బేసిసంఖ్యకూ ఒక గుక్క చొప్పున తాగిన నీళ్ల ప్రభావం కూడా అదే సమయానికి తెలియవచ్చింది. విడిదింటి వెనుక వరుస ఏర్పడినది. ఆ వరుసలో నిలబడటం నడక కిందికి వస్తుందా అని ఒకరు అడిగారు. ఉత్తర్వు రావలసి ఉన్నది.

నమోదు 7. ఏడో రోజు.

ఉదయం ఇళ్లలో వింటున్న శ్రోతలు కూడా తమ ఊరి పక్షాన తుమ్మడం ప్రారంభించారు. ఒక దశలో మా నూకరత్నం గొంతు స్పష్టంగా వినిపించింది: "జోగారావూ! నానున్నాను, నువ్వు లెగు! ...హాచ్చ్!" అప్పటికి లెక్క సరిసంఖ్యలో ఉన్నది. ఆమె తుమ్ముతో బేసి అయినది. నేను కూర్చున్నాను.

పోటీదారుల ముక్కులు మాత్రమే చెల్లుతాయని కమిటీ అత్యవసర సవరణ చేసినది. అంతలోనే ఆరుగురు పోటీదారులు మిరియాల వల్ల ముక్కులు వాచి ఊపిరాడక పందెం విరమించారు. మిగిలినవారు ముగ్గురు: తిరుపాలమ్మ, గవర్రాజు, నేను.

నమోదు 8. ఎనిమిదో రోజు. చివరి విడిది.

సాయంత్రానికి చేరాము. బయట గాలివాన వంటి మంచు. (ఇది నింద కాదు, వర్ణన.) గవర్రాజు తిని పడుకున్నాడు. తిరుపాలమ్మ, నేను కిటికీ దగ్గర కూర్చున్నాము.

రేపు ఆమె తుమ్ముతుంది. గవర్రాజు రెండు కలుపుతాడు. నాకు రాదు. మేమిద్దరం గంటసేపు కూర్చుంటాము, ఆమె గీత తొక్కుతుంది. మా ఊళ్లో ఈ ఏడాది నడక నేర్చుకోవలసిన పిల్లలు పద్నాలుగుమంది. వాళ్ల పేర్ల జాబితా నా దగ్గర ఉన్నది. నూకరత్నం నివేదిక వెనుక రాసి ఇచ్చింది. నేను దానిని నిరీక్షణలో ఉంచకుండా కోటు లోపలి జేబులో ఉంచాను.

"రేపు నిన్ను గెలవనిస్తాననుకుంటాండావా నాయనా?" అన్నది తిరుపాలమ్మ గట్టిగా, తన ఊరివాళ్లందరికీ వినిపించేటట్టు. "నా పానం ఉండంగా ఎండ లోయపల్లె దాటదు!"

ఆ మాట అంటూనే కిటికీ అద్దం మీద పేరుకున్న మంచులో వేలితో రాసింది: మా ఇంట్లో చుట్టాలు నూట ఆరుమంది.

నేను చదివి ఆమెవైపు చూశాను.

"మా ఊరోళ్లంటే ఏమనుకుంటివి!" అని మరింత గట్టిగా అన్నది. రాసింది: ఎండ కాగుదామని వచ్చిరి. పదకొండేండ్లాయె. పోరు.

"మీ అనుభవం ముందు నేనెంత, తిరుపాలమ్మగారూ," అన్నాను బిగ్గరగా. రాశాను: ఓడిపోవచ్చు కదా?

"ఆ మాట అంటివి, బాగుండాది!" ఆమె వేలు తొందరగా కదిలింది: ఊరు ఊరంతా ఇంటాండాది. తెలిసి ఓడిపోతే నన్ను ఊర్లోకి రానీరు. దిండు ల్యాక పండుకుంటాండా నాయనా. నా మంచం మీద మా ఆడబిడ్డ మొగుని అన్న.

కిటికీలో చోటు అయిపోయింది. ఆమె అరచేత్తో అంతా తుడిచేసి, కొంగుముడి విప్పి, చిన్న వెండి డబ్బీ తీసి నా చేతిలో పెట్టి నా వేళ్లు మూసింది. ముక్కుపొడి డబ్బీ. అది లేకపోతే ఆమెకు తుమ్ము రాదు. అది ఉంటే నాకు వస్తుందని ఆమె నమ్మకం. నేను ముందు బయలుదేరి ఒక్క తుమ్ము తుమ్మితే మిగిలిన ఇద్దరూ నియమం ప్రకారం గౌరవంగా కూర్చోవచ్చు.

నమోదు 9. తొమ్మిదో రోజు. విడిది నుంచి గీత వరకు.

ఆరు గంటలకు శంఖం. నేను మూడడుగులు వేశాను. డబ్బీ తీసి, రెండు వేళ్ల మందాన పొడి, రెండు ముక్కురంధ్రాలకూ పట్టించాను.

ఏమీ జరగలేదు.

మరికొంత పట్టించాను. మా ఊరి ముక్కు. వెనుక గవర్రాజు బండి తాడు బిగించుకుని గుమ్మం దాటాడు. నడక మొదలుపెట్టినవాణ్ణి ఇక తుమ్ము ఆపలేదు.

వామనమూర్తి శ్రవణమార్గంలో విచారించారు: "లోయపల్లె పోటీదారు... ఇంకా తుమ్మలేదేమి?"

"ఈపొద్దు జలుబు తగ్గిండాదప్పా," అన్నది తిరుపాలమ్మ. లోయపల్లె నుంచి వేలమంది ఒక్కసారి నిట్టూర్చిన శబ్దం శ్రవణమార్గంలో వినిపించింది.

మూడో కిలోమీటరు దగ్గర గవర్రాజు నన్ను దాటాడు. "ఏవండోయ్, మెల్లిగా రండి, జారతారు!" అని మర్యాదగా చెప్పి మరీ దాటాడు. పదకొండో కిలోమీటరుకు అతడు నాకు మూడువందల అడుగులు ముందున్నాడు. ఆ తరువాత ఒక మంచుగట్టు. గట్టు అవతల లోయపల్లె, గీత, ఎండ.

అతడు గట్టు ఎక్కాడు. ఎండ అతని మొహం మీద పడింది. పన్నెండో ఏట పోయిన ఎండను ఇరవై మూడో ఏట మళ్లీ చూశాడు. చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని, "ఓలమ్మో!" అని అలాగే నిలబడిపోయాడు.

నిలబడిపోయాడు అని పునరుద్ఘాటిస్తున్నాను.

నేను ఆగకుండా గట్టు ఎక్కాను. వెలుగు కళ్లలో గుచ్చుకుంది. మిరియాలకూ ముక్కుపొడికీ లొంగని నా ముక్కు ఆ వెలుగుకు లొంగింది. నడుస్తూనే, జీవితంలో మొదటిసారి అనదగినంత బలంగా, ఒక్కసారి తుమ్మాను.

"బేసి!" అని వామనమూర్తి అరిచారు. "పాలకొండ్ర పోటీదారు ఆగి ఉన్నారు. కూర్చోవలెను!"

గవర్రాజు కూర్చున్నాడు. నేను పక్కనుంచి సాగిపోతుంటే దీనంగా చూశాడు. "ఉండండి, నేనూ ఏత్తాను!" అని ఎండవైపు మొహం తిప్పాడు. వచ్చింది. దాని వెనకాలే రెండోది వచ్చింది.

"మూడు!" అన్నారు వామనమూర్తి.

మళ్లీ తిప్పాడు. ఐదు.

"మా తాతగారిని తగలెయ్యా!" అని గవర్రాజు నీళ్లసీసా తెరిచాడు.

గీతకు ఇంకా ఎనిమిదివందల అడుగులు. ఇక్కడ ఒక సమస్య ఉత్పన్నమైనది. నాకు రెండో తుమ్ము వస్తున్నది. వస్తే ఆరు. ఆరైతే అతడు లేస్తాడు, లేస్తే గీతలోపలే నన్ను దాటుతాడు. కళ్లు మూసుకున్నాను. రెప్పల గుండా కూడా ఎండ ఎర్రగా లోపలికి వస్తున్నది. ముక్కును రెండు వేళ్లతో నొక్కి పట్టాను. నోటితో ఊపిరి పీల్చుకుంటూ, కళ్లు మూసుకుని, ఒక చెయ్యి గాలిలో తడుముతూ నడిచాను. ఒకసారి దారి తప్పి ప్రేక్షకులలోకి వెళ్లాను. ఎవరో ఒక పెద్దాయన నా భుజాలు పట్టి గీతవైపు తిప్పి, "త్వరగా పో నాయనా," అని చెవిలో ఎంతో ఆత్మీయంగా అన్నాడు. లోయపల్లెవాడే. వాళ్లింట్లోనూ చుట్టాలున్నారని తరువాత తెలిసింది.

నాలుగువందలు. రెండువందలు. చెవులలోంచి ఏదో రాబోతున్నట్టనిపించింది. నడక నేర్చుకోవలసిన పిల్లల పేర్లు వరసగా చదువుకున్నాను: చంద్రకళ, పైడిరాజు, చిన్న అప్పలకొండ, పెద్ద అప్పలకొండ... పద్నాలుగో పేరు దగ్గర పాదం కింద గీత తగిలింది. వేళ్లు వదిలాను.

తొమ్మిది తుమ్ములు వచ్చినట్టు ప్రేక్షకులు చెబుతున్నారు. అవి లెక్కలోకి రావు.

తిరుపాలమ్మ రెండు గంటల తరువాత వచ్చింది. "పదకొండేండ్లు గెలిచినా. ఒక్కనాడు ఓడిపోతి. ఏం చేసేది, జలుబు తగ్గిపాయె," అని ఊరందరి ముందూ కన్నీళ్లు తుడుచుకుంది. కొంగు పొడిగానే ఉన్నది.

నమోదు 10. పందెం ముగిసిన ఇరవై ఆరో రోజు. ఎదురుగాలిపేట.

నియమావళి ప్రకారం ఫలితానంతర నమోదు ఒకటి సమర్పించాలి.

అద్దం మా ఊరివైపు తిరిగినది. ఆనాడు ఊరంతా వీధిలోకి వచ్చి తలలెత్తి చూసి, ఒకేసారి తుమ్మినది. ఆ శబ్దానికి ఎనిమిది ఇళ్ల కప్పులమీది మంచు జారిపడింది. ఎండలో పెరగనివారికి ఎండ చూస్తే తుమ్ము వస్తుందనీ, అలవాటు కావడానికి ఏడాది పడుతుందనీ మా వైద్యురాలు నిర్ధారించినది. పిల్లలను మాత్రం రోజూ కిటికీల దగ్గర ఎండలో కూర్చోబెడుతున్నారు. చిన్న అప్పలకొండ నిన్న గోడ పట్టుకుని నాలుగడుగులు వేసినట్టు గోడ అవతలి నుంచి వాళ్ల అమ్మ కేకవేసి చెప్పింది.

కేకవేసి ఎందుకు చెప్పిందంటే, ఇరవై ఆరు రోజులుగా ఊళ్లో పెద్దవాళ్లెవరూ పనిమీద గడప దాటలేదు. తలుపు తీయగానే మొహం మీద ఎండ పడుతుంది. తలుపు తీసినవాడు తుమ్ముతాడు. అదే సమయంలో బయలుదేరబోతున్న ఇరుగుపొరుగువారు విని కూర్చుంటారు. వారిలో ఒకరు లేచి తలుపు తీస్తారు. కార్యాలయాలు మూతబడినవి. ఎండ నిరీక్షణ శాఖ రద్దయినట్టు ఉత్తర్వు తయారుగా ఉన్నదనీ, దానిని తీసుకువచ్చే బంట్రోతు మూడు వారాలుగా తన ఇంట్లో కూర్చుని ఉన్నాడనీ తెలియవచ్చినది.

మిగిలిన ఎనిమిది ఊళ్ల నుంచి చుట్టాలు వచ్చారు. మా ఇంట్లో ప్రస్తుతం ముప్పై ఎనిమిదిమంది. అందరికంటే ముందు వచ్చినది తిరుపాలమ్మ. ఒక దిండు తెచ్చుకున్నది. వాళ్లందరూ ప్రతి ఉదయం ప్రయాణానికి మూటలు కట్టుకుంటారు. ఎవరో ఒకరు తుమ్ముతారు. మూటలు దింపి, నీళ్లు తాగి, గంట ఆగేసరికి భోజనాల వేళవుతుంది.

నూకరత్నం నిన్న గోడమీదుగా మాట్లాడింది. "జోగారావు బాబూ, పిల్లల కాళ్లు ఈ ఏడాదికి కుదురుకుంటాయి. వచ్చే పందెంలో మంచిగా ఓడిపోయి రావాలి. నీకంటే అనువైనోడు మన ఊర్లో లేడు."

అంగీకరించాను. నియామకపత్రంపై సంతకం చేయడానికి పంచాయతీ కార్యాలయానికి స్వయంగా వెళ్లాలి. వీధికి అడ్డంగా పద్దెనిమిది అడుగుల దూరం. ఈ ఉదయం ఆరింటి నుంచి బయలుదేరుతున్నాను. ఇది రాస్తున్న సమయానికి గడప దగ్గర పీట మీద కూర్చుని ఉన్నాను. చేతిలో నీళ్లగ్లాసు ఉన్నది. ఇవాళ్టికి ఇది ఏడోది.

వాతావరణం బాగున్నది.